నక్షత్ర తాబేలు: మొండి ప్రాణమనే మాట ఎంతవరకు నిజం?

నక్షత్ర తాబేలును ఇంట్లో పెంచుకోవాలనుకునే వారికి అమ్మేవాళ్లు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. ఇది అరుదైన జీవి కాబట్టి ఇంటికి అదృష్టం తెస్తుందనేది మొదటిది. మొండి ప్రాణం కాబట్టి పెద్దగా చూసుకోవలసిన పని లేదనేది రెండోది. కొనవచ్చా అన్న ప్రశ్నకు చట్టం చెప్పే సమాధానం చిన్నదే: భారతదేశంలో నక్షత్ర తాబేలును పట్టుకోవడం, కొనడం, అమ్మడం, బహుమతిగా ఇవ్వడం, అనుమతి లేకుండా ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఆ సమాధానంతోనే సరిపెట్టుకుంటే చాలామందికి ఇది అర్థంలేని ఆంక్షగా తోస్తుంది. ఆకులు తిని బతికే, ఎవరికీ హాని చేయని, మెట్ట పొలాల గట్ల మీద కనిపించే చిన్న జీవిని నాలుగు ఆకులు వేసి పెంచుకుంటే ఎవరికి నష్టమని వాళ్లు అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు ఆ జీవి శరీర తత్వంలోనూ, అది సంతానాన్ని పెంచుకునే తీరులోనూ, మన రాయలసీమ సరిహద్దుల మీదుగా సాగే వ్యాపారంలోనూ ఉంది.

నక్షత్ర తాబేళ్లు మూడు ప్రాంతాల్లో సహజంగా బతుకుతాయి. గుజరాత్, రాజస్థాన్‌తో పాటు వాటిని ఆనుకొని ఉన్న పాకిస్తాన్ సింధు భూములు ఒకటి, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు మెట్ట నేలలు రెండోది, శ్రీలంకలోని వర్షం తక్కువగా పడే భాగం మూడోది. మన దగ్గర అనంతపురం, చిత్తూరు వైపు తుమ్మ, రేగు, నాగజెముడు పెరిగే ముళ్ల పొదలు, రాళ్ల గుట్టల కింది బీళ్లు వీటికి నివాసం. ఏడాదిలో చాలా భాగం ఇవి పొదల మొదళ్లలో, ఎండు గడ్డి దుబ్బుల కింద కదలకుండా గడుపుతాయి. తొలకరి చినుకులు పడ్డాక బయటికి వచ్చి లేత గరిక, ఆకులు, రాలిన పూలు, పండ్లు తింటాయి. జత కట్టడం కూడా వానల కాలంలోనే. నల్లటి డిప్ప మీద పసుపు రంగు గీతలు ఒక్కో గడి నడుమ నుంచి కిరణాల్లా అంచులకు పాకి ఉంటాయి. అరచేతిలో పెట్టుకొని చూస్తే ఎవరైనా అది అలంకారమే అనుకుంటారు. అదే తాబేలును ఎండు గడ్డిలో వదిలి నాలుగడుగులు వెనక్కి వేస్తే గడ్డి పోచల మధ్య పడిన ఎండ గీతలకూ, డిప్ప మీది గీతలకూ తేడా కనబడదు. దాన్ని వేటాడే జంతువుల కన్నుగప్పడానికి పనికొచ్చే ఆ గీతలే మనిషి కంటికి మాత్రం దాన్ని పట్టిచ్చాయి.

డిప్ప ఆకారానికీ ఒక విశేషం ఉంది. గాబోర్ దోమోకోష్, పీటర్ వార్కొన్యి అనే హంగేరీ పరిశోధకులు ఏ వైపు పడేసినా తనంతట తానే ఒకే స్థితికి వచ్చి నిలిచే ఘనాకృతిని 2006లో తయారు చేశారు. గోంబోత్స్ అనే ఆ ఆకృతికి ప్రకృతిలో దగ్గర పోలికలు వెతుకుతూ వాళ్లు తాబేటి డిప్పలను కొలిచారు. బల్లపరుపు డిప్పలున్న తాబేళ్లు వెల్లకిలా పడితే మెడను నేలకు ఆనించి తిప్పుకోవాలి. ఎత్తైన డిప్పలున్న మెట్ట తాబేళ్లకు ఆ ఆకారమే చాలావరకు సాయం చేస్తుంది. వాళ్లు చూసిన వాటిలో గోంబోత్స్‌కు బాగా దగ్గరగా ఉన్నది మన నక్షత్ర తాబేలే. పొట్టి మెడ, పొట్టి కాళ్లున్న ఈ జీవికి రాళ్ల మీద దొర్లిపడ్డా మళ్లీ నిలబడే వీలును దాని ఒంటి రూపమే ఇచ్చింది. మొండి ప్రాణమనే పేరు దానికి ఊరకే రాలేదు.

ఆ పేరులోని అసలు విషయాన్ని ఇప్పుడు జాగ్రత్తగా చూడాలి. తాబేలు తన శరీరంలో వేడిని తానే పుట్టించుకోదు. ఎండనుంచీ నేలనుంచీ తీసుకుంటుంది. అందువల్ల అదే బరువున్న కుందేలు లేదా పిల్లితో పోలిస్తే దానికి కావలసిన ఆహారం చాలా తక్కువ. మేత దొరకని నెలల్లో శరీరం తన పనులన్నింటినీ నెమ్మదింపజేసుకుంటుంది. ఈ ఓర్పు ఎంతటిదో చెప్పడానికి 1968 సెప్టెంబరు నాటి ఒక ఘటన చాలు. సోవియట్ యూనియన్ ప్రయోగించిన జోండ్-5 నౌకలో రెండు మధ్య ఆసియా మెట్ట తాబేళ్లు చంద్రుని చుట్టూ తిరిగి, హిందూ మహాసముద్రంలో దిగి, ప్రాణాలతో బయటపడ్డాయి. తిండి లేకుండా సాగిన ఆ ప్రయాణంలో అవి తమ బరువులో సుమారు పదో వంతు కోల్పోయాయి.

ఇంత ఓర్పు ఉన్న జీవి మన వసారాలో బతకదా అని అనిపించడం సహజం. బతుకుతుంది, కొంతకాలం. చిక్కంతా ఆ కొంతకాలంలోనే ఉంది. నిదానంగా జీవించే శరీరం జబ్బును కూడా నిదానంగానే బయటపెడుతుంది. కుక్క రెండు పూటలు తిండి మానేస్తే ఇంట్లో అందరికీ తెలుస్తుంది. తాబేలు రెండు వారాలు తినకపోయినా అది దాని స్వభావమే అనుకుంటాం. అది బాగుందని మనం నమ్ముతున్న నెలల్లోనే దాని ఎముకలు, మూత్రపిండాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటూ ఉంటాయి. మొండి ప్రాణమంటే దెబ్బ తగలనిదని కొనేవారు అర్థం చేసుకుంటారు. తగిలిన దెబ్బ చాలా ఆలస్యంగా కనబడే ప్రాణమని పశువైద్యులు అర్థం చేసుకుంటారు. ఈ రెండు అర్థాల మధ్యే ఎన్నో తాబేళ్లు చనిపోతున్నాయి.

ఒక అపార్టుమెంటు బాల్కనీని ఊహించుకోండి. కింద నున్నటి గ్రానైటు, ఒక మూల అట్టపెట్టె, ఒక పళ్లెంలో టమాటా, కీరా ముక్కలు, కాస్త అన్నం. నున్నటి నేల మీద గోళ్లకు పట్టు దొరకక తాబేలు కాళ్లు పక్కలకు జారుతాయి. ఎదిగే వయసులో అదే పనిగా జారితే కీళ్లు వంకర తిరుగుతాయి. అద్దం గుండా వచ్చే వెలుతురులో అతినీలలోహిత కిరణాలు చాలావరకు ఉండవు. ఆ కిరణాలు చర్మానికి తగలకపోతే విటమిన్ డి తయారుకాదు. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు. అప్పుడు శరీరం ఎముకల నుంచే కాల్షియాన్ని లాక్కుంటుంది. పొట్టవైపు డిప్పను బొటనవేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయే దశ వచ్చేసరికి జబ్బు బాగా ముదిరి ఉంటుంది. గడ్డీ గాదమూ తిని అరిగించుకోవడానికి ఏర్పడిన పేగుకు అన్నం, రొట్టె, తియ్యటి పండ్లు రోజూ పెడితే జీర్ణక్రియ పాడవుతుంది. మంచిదే కదా అని రోజూ పాలకూర వేస్తే అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని పట్టేస్తాయి. నీళ్లు చాలకపోతే తాబేలు విసర్జించే తెల్లటి పదార్థం పెరుగులా మెత్తగా ఉండటం మాని సుద్దపొడిలా గరగరలాడుతుంది. మూత్రాశయంలో రాళ్లు పడే ముప్పు ఉందని చెప్పే తొలి గుర్తుల్లో అదొకటి.

డిప్ప మీది గడులు పిరమిడ్లలా పైకి లేవడం పెంపుడు తాబేళ్లలో ఎక్కువగా కనిపించే మరో లోపం. మాంసకృత్తులు ఎక్కువైనందువల్లే ఇలా జరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. ఆఫ్రికా ముళ్ల తాబేలు పిల్లల మీద చేసి 2003లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మాత్రం గాలిలో తేమ తక్కువ కావడమే అంతకంటే పెద్ద కారణమని తేలింది. మెట్ట ప్రాంతపు జీవికి తేమ ఎందుకని అడగవచ్చు. పిల్ల తాబేళ్లు ఎండ బయట ఎంత ఉన్నా గడ్డి దుబ్బు మొదట్లో, ఆకుల కింద, నేల చెమ్మ తగిలే చోట దాగి పెరుగుతాయి. ఏసీ గదిలోని పొడిగాలి వాటికి ఏ ఎండాకాలంలోనూ అలవాటైనది కాదు. దీనికి విరుద్ధమైన ప్రమాదమూ ఉంది: చలి, తేమ కలిస్తే వీటికి ఊపిరితిత్తుల వ్యాధి త్వరగా సోకుతుంది. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి శ్వాస తీయడం దాని లక్షణాలు. చల్లటి దేశాల తాబేళ్లలా దీర్ఘ శీతనిద్రలోకి పోయే శక్తి నక్షత్ర తాబేలుకు లేదు. ఇన్ని షరతులున్న జీవిని మొండిదని అమ్మడం కొనేవారిని మోసగించడమేనని నేను నమ్ముతున్నాను.

ఇక అరుదైనదన్న మాట. నక్షత్ర తాబేలు ఆడది ఒక్కో కాన్పుకు రెండు నుంచి పది వరకు గుడ్లు పెడుతుంది. నేల గట్టిగా ఉంటే మూత్రంతో తడిపి, వెనక కాళ్లతో గొయ్యి తవ్వి, గుడ్లు పెట్టి పూడ్చి వెళ్లిపోతుంది. అవి పొదగడానికి వాతావరణాన్ని బట్టి ఒకటిన్నర నెల నుంచి దాదాపు అయిదు నెలల వరకు పడుతుంది. పుట్టేది ఆడో మగో గూటిలోని ఉష్ణోగ్రత నిర్ణయిస్తుంది. పిల్లల్లో చాలా వాటిని ముంగిసలు, ఉడుములు, కాకులు, గద్దలు తినేస్తాయి. గుడ్లు పెట్టే వయసుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఈ నష్టాన్ని దశాబ్దాలపాటు బతికే ముదురు తాబేళ్లు ప్రతి ఏటా కొన్ని గుడ్లు పెడుతూ పూడ్చుకొస్తాయి. అంటే, ఏ ఒక్క ఏడాది కరువు వచ్చినా తట్టుకునే ఏర్పాటు ఇందులో ఉంది; ప్రతి ఏటా మనిషి వచ్చి పెరుగుతున్న పిల్లలనూ, గుడ్లు పెట్టే ఆడవాటినీ ఏరుకుపోతే తట్టుకునే ఏర్పాటు లేదు. పైగా ఆ లోటు వెంటనే తెలియదు. ముసలి తాబేళ్లు కనబడుతున్నంతకాలం ఊళ్లో వాళ్లు ఇంకా చాలా ఉన్నాయనే అంటారు.

ఆ ఏరివేత ఎంత పెద్దదో 2015లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక సరిహద్దులోని ఒకే ఒక్క వ్యాపార కేంద్రం చుట్టూ ఏడాదికి కనీసం 55,000 నక్షత్ర తాబేళ్లను పట్టుకుంటున్నారని అది అంచనా వేసింది. ఈ జాతి బతికే ప్రాంతాలన్నిటిలో కలిపి ఏటా ఎన్నింటిని పడుతున్నారని అంతకు పదేళ్ల ముందు వేసిన అంచనాలకంటే ఇది ఎన్నో రెట్లు ఎక్కువ. వానలు మొదలయ్యాక తాబేళ్లు బయటికి వచ్చినప్పుడు మేకలు కాసేవారు, కూలికి వెళ్లేవారు వాటిని ఏరి దళారికి ఇస్తారు. వాళ్లకు దక్కేది చాలా స్వల్పం. దళారి వాటిని పోగుచేసి నగరాలకు చేరుస్తాడు. అక్కడి నుంచి కొన్ని దేశంలోనే అమ్ముడవుతాయి; ఎక్కువ భాగం చెన్నై వంటి విమానాశ్రయాల మీదుగా థాయిలాండ్, మలేషియా వైపు పోతాయి. కాళ్లు కదలకుండా టేపు చుట్టి, మేజోళ్లలో, గుడ్డ సంచుల్లో కుక్కి, బట్టల పెట్టెల అడుగున పెట్టి పంపుతారు. రోజుల తరబడి తిండి, నీళ్లు లేకుండా బతికి ఉండగలగడమే ఈ జీవిని దొంగరవాణాకు అనువైన సరుకుగా మార్చింది. బీడు నేలలో దాన్ని కాపాడిన ఓర్పు వ్యాపారి చేతిలో దానికే ముప్పయింది. ఈ వ్యాసంలో మిగతాదంతా మరచిపోయినా ఈ ఒక్క సంగతి గుర్తుంటే చాలునని నా కోరిక.

దేశంలోపలి గిరాకీకి నమ్మకాలు ఒక కారణం. కూర్మావతారం మీద మనకున్న భక్తి పాతది. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథుని ఆలయం ఉంది, ఆ ఆవరణలో నక్షత్ర తాబేళ్లను ఎన్నో ఏళ్లుగా పోషిస్తున్నారు. అయితే ఆ భక్తికీ, తాబేలును ఇంటి ఈశాన్య మూలన పెడితే డబ్బు వస్తుందనే ఇటీవలి ప్రచారానికీ సంబంధం లేదు. అమ్మేవాళ్లు ఆ రెండింటినీ కలిపేస్తున్నారు.

చట్టం విషయంలో ఇంటర్నెట్టులో తిరిగే సమాచారం చాలావరకు పాతది, అందువల్ల అయోమయం ఎక్కువ. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. నక్షత్ర తాబేలు చాలాకాలం అందులోని నాలుగో షెడ్యూలులో, అంటే తక్కువ శిక్షలున్న జాబితాలో ఉండేది. 2022లో పార్లమెంటు ఆమోదించి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ఆరు షెడ్యూళ్లను నాలుగుకు కుదించింది. ఆ మార్పులో నక్షత్ర తాబేలు గరిష్ఠ రక్షణ ఉన్న మొదటి షెడ్యూలుకు చేరింది. ఇప్పుడున్న నాలుగో షెడ్యూలు పూర్తిగా వేరు. అందులో ఉన్నవి అంతర్జాతీయ వ్యాపార ఒప్పందమైన సైటిస్ కింద నియంత్రించే జీవులు. కాబట్టి ఇది షెడ్యూలు నాలుగు జీవి, మహా అయితే జరిమానాతో పోతుందని ఎవరైనా చెబితే ఆ మాట ఇప్పుడు చెల్లదు. మొదటి షెడ్యూలు జీవులకు సంబంధించిన నేరాలకు మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి.

కొనలేదు, దొరికింది అనే వాదన కూడా నిలవదు. చట్టంలోని 39వ సెక్షన్ ప్రకారం చట్టాన్ని ఉల్లంఘించి పట్టిన లేదా ఇంట్లో ఉంచుకున్న వన్యప్రాణి ప్రభుత్వ ఆస్తి. అలాంటిది ఏ విధంగా చేతికి వచ్చినా 48 గంటల్లో దగ్గరి పోలీసు స్టేషనుకు గానీ, అధీకృత అధికారికి గానీ తెలియజేయాలి. అనుమతి లేకుండా దాన్ని ఉంచుకోవడానికీ, మరొకరికి ఇవ్వడానికీ వీల్లేదు.

మరి పెంపకంలో పుట్టినదైతే? అమ్మేవారి చివరి అస్త్రం ఇదే. మన దేశంలో ఇళ్లలో పెంచుకోవడానికి నక్షత్ర తాబేళ్లను పుట్టించి అమ్మే చట్టబద్ధ వ్యాపారం లేదు. విదేశాల్లో పెంపకంలో పుట్టినవి ఉన్న మాట నిజమే, కానీ అడవిలో పట్టినవాటికి ఆ ముసుగు వేసి అమ్మడం ఈ వ్యాపారంలో పాత పద్ధతి. ఆ బెడదను దృష్టిలో పెట్టుకొనే భారత్, శ్రీలంక, బంగ్లాదేశ్, సెనెగల్ కలిసి చేసిన ప్రతిపాదన మేరకు 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ సమావేశం ఈ జాతిని వ్యాపారాన్ని నియంత్రణతో అనుమతించే రెండో అనుబంధం నుంచి మొదటి అనుబంధానికి మార్చింది. అడవి నుంచి పట్టినవాటి అంతర్జాతీయ వ్యాపారం దాంతో పూర్తిగా నిషిద్ధమైంది. బ్రిటన్‌లోనూ, యూరప్ దేశాల్లోనూ ఉంటున్న తెలుగువారు అక్కడ పుట్టిన తాబేలును కొనాలన్నా అమ్మేవారి దగ్గర ఆర్టికల్ 10 ధ్రువపత్రం, అంటే అమ్మకానికి అనుమతినిచ్చే పత్రం ఉందో లేదో చూడాలి. అమెరికాలో నాలుగంగుళాలకంటే చిన్న తాబేళ్లను పెంపుడు జీవులుగా అమ్మడాన్ని 1975 నుంచి నిషేధించారు. పిల్లలకు సాల్మొనెల్లా సోకకుండా తీసుకున్న చర్య అది. ఆ బ్యాక్టీరియా ఆరోగ్యంగా కనిపించే తాబేలు పేగుల్లోనూ ఉంటుంది కనుక అయిదేళ్లలోపు పిల్లలున్న ఇంట ఏ తాబేలైనా జాగ్రత్త పడవలసిన సంగతే.

నక్షత్ర తాబేలు కుదరకపోతే విదేశీ జాతి తీసుకుందామనే ఆలోచన ఇప్పుడు నగరాల్లో పెరుగుతోంది. ఎక్కువగా కనిపించేది సల్కాటా అని పిలిచే ఆఫ్రికా ముళ్ల తాబేలు. సహారా ఎడారికి దక్షిణాన ఉండే సహేల్ ప్రాంతం దాని పుట్టిల్లు. అమ్మేటప్పుడు అరచేతిలో ఇమిడిపోతుంది. పెరిగాక యాభై కిలోలు దాటవచ్చు, మీటర్ల లోతున బొరియలు తవ్వుతుంది, ప్రహరీ గోడ పునాదిని కూడా వదలదు. సొంత స్థలం, ఎండ, గడ్డి పుష్కలంగా ఉన్నవారికి తప్ప ఫ్లాటులో ఉండేవారికి ఇది ఏ విధంగానూ తగదు. ఇది సైటిస్ రెండో అనుబంధంలో ఉంది, అందువల్ల మన చట్టంలోని ప్రస్తుత నాలుగో షెడ్యూలు పరిధిలోకి వస్తుంది. 2020లో కేంద్రం ఇలాంటి విదేశీ జీవులున్నవారు స్వచ్ఛందంగా వెల్లడించే పథకం పెట్టింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాలు పరివేష్ 2.0 అనే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదును తప్పనిసరి చేశాయి. పుట్టిన పిల్లలు, మరణాలు, చేతులు మారడం కూడా తెలపాలి. అమ్మేవాడు నమోదు పత్రం చూపకుండా, బదిలీ సంగతి తర్వాత చూసుకుందాం అన్నాడంటే అక్కడితో మాట ఆపేయడం మంచిది.

ఇప్పటికే ఇంట్లో నక్షత్ర తాబేలు ఉన్నవారు భయపడి రాత్రిపూట ఊరి బయట వదిలేస్తుంటారు. ఇది ఆ తాబేలుకూ, అక్కడ ముందునుంచి ఉన్నవాటికీ హాని. పెంపకంలో అంటుకున్న జబ్బులు అడవి తాబేళ్లకు పాకుతాయి. పైగా ఉత్తరాది, దక్షిణాది, శ్రీలంక తాబేళ్లు జన్యుపరంగా ఒకటి కావు. దొంగరవాణాలో సింగపూర్‌లో పట్టుబడి తిరిగి వచ్చిన నక్షత్ర తాబేళ్లు అసలు ఎక్కడివో తేల్చడానికి హైదరాబాదులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు వాటి డీఎన్ఏను పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఎక్కడి తాబేలును అక్కడే వదలాలనే నియమానికి అలాంటి పరీక్షలే ఆధారం. దొంగరవాణాలో పట్టుబడిన తాబేళ్లకు కేరళలోని చిన్నార్ అభయారణ్యంలో పునరావాసం కల్పించినప్పుడు కూడా వాటిని కొంతకాలం విడిగా ఉంచి గమనించాకే బయటికి వదలాల్సి వచ్చింది.

చేయవలసింది అటవీశాఖ రేంజి కార్యాలయానికి అప్పగించడం. తీసుకెళ్లేటప్పుడు గాలి ఆడే అట్టపెట్టెలో, అడుగున ఎండుగడ్డి లేదా మందపాటి గుడ్డ వేసి, ఒక్కో పెట్టెలో ఒక్క తాబేలునే ఉంచాలి. ఎండలో నిలిపిన కారులో వదలకూడదు. బయలుదేరేముందు గోరువెచ్చని నీటిలో, గడ్డం మునగనంత లోతున పావుగంట ఉంచితే నీళ్లు తాగుతుంది. ఇంట్లో ఎంతకాలం ఉంది, ఏమి తింది, వేరే తాబేళ్లతో కలిసి ఉందా, అన్నింటికంటే ముఖ్యంగా ఏ ఊరి నుంచి వచ్చిందన్న వివరాలు దాచకుండా రాసి ఇవ్వాలి. దాన్ని మళ్లీ బీడులోకి పంపవచ్చా, జీవితాంతం సంరక్షణ కేంద్రంలోనే ఉంచాలా అన్న నిర్ణయం తీసుకోవడానికి అధికారులకు ముందుగా కావలసింది ఆ వివరాలే.